థీమ్ పార్క్ గుమ్మంలో కుటుంబం

థీమ్ పార్క్ అంటే ప్రవేశ రుసుము చెల్లించినవారికి సవారీలు, జలక్రీడలు, ప్రదర్శనలు, భోజనశాలలు ఒకే ఆవరణలో అందించే వినోదస్థలం. పిల్లల సరదాకు మించి దానికి మరో ప్రాముఖ్యం ఉండదని సాధారణంగా భావిస్తారు. అయితే ముక్కూ మొహం తెలియని మనుషులు ఒక కుటుంబాన్ని కుటుంబంగా గుర్తించడమో, గుర్తించ నిరాకరించడమో పూటకు పదిసార్లు జరిగే స్థలాల్లో అదీ ఒకటి. టికెట్టు కిటికీ దగ్గర ఎవరికి ఎవరేమవుతారని చూస్తారు, తనిఖీ దగ్గర ఆడ, మగ వరుసలుగా విడదీస్తారు, తడి బట్టలు మార్చుకోవడానికి రెండే గదులు చూపిస్తారు, సవారీ నియమాలను ఒకటి రెండు భాషల్లో రాసి ఊరుకుంటారు. ఈ నాలుగు చోట్లా సాఫీగా దాటిపోయే కుటుంబాలకు ఆ ఏర్పాట్లు ఉన్నట్టే తెలియదు. దాటలేని కుటుంబాలు మాత్రం టికెట్టు కొని కూడా అనుమానితుల్లా తిరగవలసి వస్తుంది.

ఈ విషయాన్ని పరిశీలించడానికి తిరువళ్లూరు జిల్లా తగిన చోటు. 1997లో ఏర్పడిన ఈ జిల్లాలో, చెన్నై నుంచి బెంగళూరు వెళ్లే రహదారిమీద పూందమల్లి దాటాక, క్వీన్స్‌ల్యాండ్ అనే పెద్ద థీమ్ పార్క్ 2003 నుంచి నడుస్తోంది. జిల్లాకు ఆంధ్ర సరిహద్దు వైపు ఉన్న తిరుత్తణి, తమిళులు మురుగన్‌గా కొలిచే సుబ్రహ్మణ్యస్వామి ఆరు ప్రధాన క్షేత్రాల్లో ఒకటి. ఆడికృత్తికనాడు కావళ్లు ఎత్తుకొని అక్కడి 365 మెట్లు ఎక్కేవారిలో తెలుగువారూ పెద్ద సంఖ్యలో ఉంటారు. రేణిగుంట, పుత్తూరు, నగరిల నుంచి తిరుత్తణి, తిరువళ్లూరుల మీదుగా చెన్నై చేరే 716వ నంబరు జాతీయ రహదారి దర్శనానికి వచ్చేవారికీ విహారానికి వచ్చేవారికీ ఒకే దారి. 1960 ఏప్రిల్ 1 వరకు చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి ప్రాంతం, సరిహద్దు వివాదంలో మధ్యవర్తి అయిన పటాస్కర్ సిఫార్సుల మేరకు 1959లో చేసిన సరిహద్దుల మార్పు చట్టంతో మద్రాసు రాష్ట్రంలో చేరింది కనుక, ఇక్కడి అనేక ఇళ్లలో మాట్లాడే భాష ఒకటి, కచేరీల్లో రాసే భాష మరొకటి.

భాషలో అల్పసంఖ్యాకులైనవారూ, లింగభావంలో అల్పసంఖ్యాకులైనవారూ వినోదస్థలం దగ్గర ఒకేచోట కలుస్తారన్న సంగతిని అమెరికా అనుభవం స్పష్టంగా చూపింది. కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్ 1980లో ఇద్దరు యువకులను, జంటగా నాట్యం చేశారన్న కారణంతో, బయటికి పంపింది. దానిపై నడిచిన దావాలో 1984లో తీర్పు పార్కుకు వ్యతిరేకంగా వచ్చింది. ఫ్లోరిడాలోని ఓర్లాండో దగ్గరున్న డిస్నీ వరల్డ్‌లో 1991లో ఎల్‌జీబీటీక్యూ సందర్శకులు, అంటే స్వలింగ ప్రేమికులు, ద్విలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్లు, ఈ కోవల్లో ఇమడని క్వియర్ వ్యక్తులు, జూన్ మొదటి శనివారం ఎర్ర చొక్కాలు తొడుక్కొని ఒక్కసారిగా తరలివచ్చే ఆనవాయితీ మొదలుపెట్టారు. అందరిలో కలిసి ఉంటూనే ఒకరికొకరు కనిపించడం ఆ ఎర్ర రంగు ఉద్దేశం. అదే ఓర్లాండోలో 2016 జూన్ 12న పల్స్ అనే క్లబ్బులో జరిగిన కాల్పుల్లో 49 మంది మరణించగా, ఆ రాత్రి అక్కడ లాటిన్ సంగీత కార్యక్రమం ఉన్నందున మృతుల్లో అత్యధికులు లాటిన్‌ఎక్స్ యువజనులు, అంటే స్పానిష్ తదితర భాషల లాటిన్ అమెరికా మూలాలు గలవారు. భాషా, ప్రేమా వేర్వేరు మనుషుల సమస్యలు కావని, రెండూ ఒకే మనిషి భుజాలమీద ఉండవచ్చునని ఆ దుఃఖం లోకానికి తెలిపింది. తిరుత్తణిలో తెలుగు మాట్లాడే ఇంట పుట్టిన ట్రాన్స్ మహిళ స్థితి కూడా అలాంటిదే.

మన దేశంలో హక్కుకు సంబంధించిన పునాది ఇప్పటికే పడింది. ట్రాన్స్‌జెండర్లకు రాజ్యాంగ హక్కులన్నీ ఉన్నాయని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నాల్సా (జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ) కేసులో ప్రకటించి, వారికి ప్రత్యేక మరుగుదొడ్లు వంటి సౌకర్యాలు కల్పించాలని ప్రభుత్వాలను ఆదేశించింది. పరస్పర సమ్మతితో ఉన్న స్వలింగ సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబర్ 6న చెప్పింది. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం, సాధారణ ప్రజల ఉపయోగానికి ఉద్దేశించిన వస్తువులు, వసతులు, సేవలు వారికి నిరాకరించడాన్ని నిషేధించింది. బహిరంగ స్థలంలో ప్రవేశాన్ని అడ్డుకున్నవారికి ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు శిక్షను నిర్దేశించింది. రుసుము చెల్లించిన ఎవరికైనా తెరిచి ఉండే పార్కు ఈ పరిధిలోకి రాదనడానికి ఆధారం లేదు. అయితే స్వలింగ జంటలకు వివాహ హక్కును సుప్రీంకోర్టు 2023 అక్టోబర్ 17న నిరాకరించినందువల్ల, వారి కుటుంబానికి చూపించుకోవడానికి కాగితం లేదు. కాగితం లేని కుటుంబం గుమాస్తా విచక్షణకు లోబడవలసి వస్తుంది.

ఆ లోటును పూడ్చే ఆలోచన తమిళనాడులోనే ముందుకు సాగింది. దేశంలో తొలి ట్రాన్స్‌జెండర్ సంక్షేమ మండలి 2008లో ఇక్కడే ఏర్పడింది. ట్రాన్స్ మహిళ కూడా హిందూ వివాహ చట్టం ప్రకారం వధువే అవుతుందని మద్రాసు హైకోర్టు 2019లో తీర్పు చెప్పగా, 2021లో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ఒక స్వలింగ జంట కేసులో, చికిత్స పేరుతో మనుషుల ప్రేమను మార్చే ప్రయత్నాలను నిషేధించి, పోలీసులకూ న్యాయాధికారులకూ అవగాహన శిక్షణ ఇవ్వాలని ఆదేశించారు. వేలూరు జిల్లాకు చెందిన కేసులో 2025 మే 22న అదే హైకోర్టు, కుటుంబం ఏర్పడటానికి వివాహం ఒక్కటే మార్గం కాదని, ఎంచుకున్న కుటుంబం, అంటే రక్తసంబంధంతోను పెళ్లితోను నిమిత్తం లేకుండా పరస్పర ఆదరణతో కట్టుకున్న కుటుంబం, చట్టం దృష్టిలో మాన్యమైనదేనని స్పష్టం చేసింది. పుట్టింటివారు వెలివేసిన ట్రాన్స్ మహిళలు తమలో తాము తల్లి, కూతురు వరుసలు కలుపుకొని జీవించే పద్ధతి దక్షిణాదిన ఎప్పటినుంచో ఉంది; న్యాయస్థానం కొత్తదేమీ సృష్టించలేదు, ఉన్నదానికి గౌరవం ఇచ్చింది.

ఇంత న్యాయం జరిగినా అది పార్కు గుమ్మం దాకా చేరకపోవడానికి కారణం అక్కడి నియమాల నిర్మాణంలో ఉంది. చాలా జలవినోద కేంద్రాల్లో ఒంటరి మగవారికి కొన్ని కొలనుల్లో ప్రవేశం ఉండదు. కుటుంబాలకు, ఆడామగా జంటలకు ఉంటుంది. స్త్రీలను వేధింపుల నుంచి కాపాడాలన్న ఈ నియమం ఉద్దేశం మంచిది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. కాని అది మనిషి ప్రవర్తనను కాక వెంట ఎవరున్నారన్నదాన్ని కొలమానంగా తీసుకుంటుంది కనుక, దత్తపుత్రికతో వచ్చిన ఇద్దరు పురుషులు ఆకతాయి గుంపుతో సమానమైపోతారు, తల్లిగా ఉన్న ట్రాన్స్ మహిళ ఏ వరుసలో నిలబడాలో కాపలాదారు నిర్ణయిస్తాడు. వేధించినవారిని తక్షణం బయటికి పంపే నియమం, నీళ్ల దగ్గర తగినంతమంది మహిళా సిబ్బంది, తలుపు గడియ ఉన్న విడి గదులు స్త్రీలకు అంతకన్నా గట్టి రక్షణ ఇస్తాయి; అవి ఎవరినీ వెలివేయవు. విడి గదులు వృద్ధులకూ, వికలాంగులకూ, కూతురితో ఒంటరిగా వచ్చిన తండ్రికీ సమానంగా ఉపకరిస్తాయి.

భాష సంగతి మర్యాదకు పరిమితమైనది కాదు, ప్రాణరక్షణకు చెందినది. గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు, నిర్ణీత ఎత్తుకు తక్కువైన పిల్లలు ఎక్కకూడని సవారీల దగ్గర ఆ హెచ్చరిక అర్థం కాకపోతే టికెట్టుతోపాటు ప్రమాదాన్నీ అమ్మినట్టవుతుంది. తమిళనాడులో దుకాణాల, సంస్థల పేరు పలకలపై తమిళం, ఆంగ్లం, ఇతర భాషలు 5:3:2 నిష్పత్తిలో ఉండాలన్న నిబంధన తమిళానికి అగ్రస్థానం ఇస్తూనే మూడో భాషకు చోటు మిగిల్చింది. 2006లో చేసిన తమిళ అభ్యసన చట్టం బడుల్లో తమిళాన్ని దశలవారీగా తప్పనిసరి చేసినందువల్ల, తిరుత్తణి వైపు తెలుగు మాట్లాడగలిగినా చదవలేని యువతరం పెరిగింది. నగరి, పుత్తూరుల నుంచి వచ్చే పెద్దలు తెలుగు చదవగలరుగాని తమిళ లిపి ఎరుగరు. అందువల్ల పలకమీద తెలుగు అక్షరాలు ఒక తరానికి, లౌడ్‌స్పీకర్‌లో తెలుగు ప్రకటన మరో తరానికి అవసరమవుతాయి. రెండింటికీ అయ్యే ఖర్చు ఒక సవారీకి రంగులు వేయించే ఖర్చును మించకపోవచ్చు.

తక్కిన సందర్శకులు ఇబ్బంది పడతారని, వ్యాపారం దెబ్బతింటుందని యాజమాన్యాలు అనవచ్చు. దానికి సమాధానం రోజూ రోడ్డుమీద కనిపిస్తోంది. తమిళనాడు 2021లో సాధారణ నగర బస్సుల్లో మహిళలకిచ్చిన ఉచిత ప్రయాణాన్ని ట్రాన్స్‌జెండర్లకూ వర్తింపజేసింది. తెలంగాణ 2023 డిసెంబర్‌లో, ఆంధ్రప్రదేశ్ 2025 ఆగస్టులో ఆ బాటే పట్టాయి. కిక్కిరిసిన బస్సులో కండక్టరు చేయగలుగుతున్న పని, జీతమిచ్చి శిక్షణ ఇచ్చిన పార్కు ఉద్యోగి చేయలేడనడం న్యాయం కాదు. వినోదం విలాసం కదా, దానికీ హక్కులేమిటని అడిగేవారు ఒక సంగతి గమనించాలి: బతుకుతెరువు కోసం సమాజం ఓర్చుకునే మనుషులు వేరు, సంతోషంలో పాలుపంచుకోవడానికి అంగీకరించే మనుషులు వేరు. రెండో జాబితాలో పేరు లేనివారికి మొదటి జాబితాలోని చోటు కూడా నిలకడగా ఉండదు.

కాబట్టి తిరువళ్లూరు జిల్లాలోని వినోదకేంద్రాలు చేయవలసినవి తేటగానే ఉన్నాయి. కలిసి వచ్చామని చెప్పినవారిని కుటుంబంగా అంగీకరించి కుటుంబ రాయితీ ఇవ్వాలి. తనిఖీ ఎవరిచేత చేయించుకోవాలో నిర్ణయించుకునే అవకాశం సందర్శకులకు ఉండాలి. గడియ ఉన్న విడి గదులు కట్టాలి. భద్రతా సూచనలు తెలుగులోనూ కనిపించాలి, వినిపించాలి. 2019 చట్టం సారాంశాన్ని ప్రవేశద్వారం దగ్గర మూడు భాషల్లో ప్రదర్శించాలి. అనుమతులిచ్చే ప్రభుత్వ శాఖలు సవారీల ఇనుప బోల్టులను పరీక్షించినంత శ్రద్ధగా ఈ ఏర్పాట్లనూ పరీక్షించి, అవి లేని కేంద్రానికి అనుమతి పొడిగించకూడదు.