బైండింగ్ చేయించడానికేనా మనం టీమ్‌లో ఉన్నది?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మేజర్ ప్రాజెక్ట్ బ్యాచ్‌లు వేసే టైం వచ్చింది. అందుకే ఈ పోస్ట్. కాస్త పొడవే, ఓపిక పట్టండి.

మేం బీటెక్ చదివినప్పుడు నలుగురికో బ్యాచ్. మొదటిరోజే పని పంచేశారు. కోడ్ ఒకడిది, పీపీటీ ఇంకొకరిది, డాక్యుమెంటేషన్ మనది. అంటే జిరాక్స్ షాపు చుట్టూ తిరగడం, బైండింగ్ చేయించడం, గైడ్ సంతకం కోసం డిపార్ట్‌మెంట్ గుమ్మం దగ్గర నిలబడటం. ఆ కోడ్ రాసేవాడు కూడా రాయలేదు లెండి, అమీర్‌పేటలో కొనుక్కొచ్చాడు. డబ్బులు మాత్రం సమానంగా వేసుకున్నాం, మా వాటా స్కాలర్‌షిప్‌లోంచి. మార్కులూ బాగానే పడ్డాయి. తర్వాత ఇంటర్వ్యూలో "ఈ ప్రాజెక్టులో నువ్వేం చేశావ్?" అని అడిగారు. నోట మాట రాలేదు.

మాలో ఎంతమందిదో ఇదే కథ. దీన్నే కాలేజీలు టీమ్‌వర్క్ అంటున్నాయి!

టీమ్‌వర్క్ మనకు కొత్తా? ఇవాళ మీ చేలో, రేపు మా చేలో అని బదులు పనులకు పోయినవాళ్లం. అక్కడ ఒకడు గట్టు మీద కూర్చుని, ఇంకొకడు పేరు రాయించుకుని పోతే ఊరు ఊరుకుంటుందా? కాలేజీ మాత్రం ఊరుకుంటుంది. ఎందుకంటే అక్కడ చూసేది పుస్తకం మందం.

ఎవరెంత చేశారో తెలుసుకోవడం కష్టం కాదు. లైనక్స్ కోడ్ మీద వేలమంది కలిసి పనిచేయాల్సి వచ్చి, 2005లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్ తయారుచేశాడు. ఏ లైను ఎవరు, ఏ రోజు మార్చారో అందులో ఉంటుంది. పైసా ఖర్చు లేదు. కమిట్లు దొంగగా కూడా పెట్టొచ్చు, నిజమే. అందుకే వైవాలో పక్కవాడి కోడ్‌ను నిన్ను వివరించమనాలి, నీ కోడ్‌ను పక్కవాణ్ణి. ఒకరి కోడ్ ఇంకొకరు చదివి ఒప్పుకున్నాకే కలపాలన్న రూలు పెడితే సెమిస్టర్ మొత్తం అందరూ నేర్చుకోక తప్పదు.

"మీవాళ్లకు కోడింగ్ రాదు, అందుకే డాక్యుమెంటేషన్ ఇస్తున్నాం" అంటారు. రానివాడికి నేర్పడానికే కదా సార్ కాలేజీ ఉన్నది! రెండు వారాలకోసారి పని మార్చండి. ఈసారి డేటాబేస్ చేసినవాళ్లు వచ్చేసారి టెస్టింగ్ చేస్తారు. ఆలస్యమైన ప్రాజెక్టుకు మనుషుల్ని కలిపితే ఇంకా ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశాడు. కొత్తగా వచ్చినవాళ్లకు చెప్పి అర్థం చేయించడానికే టైం పోతుంది. మరి ఏడాదంతా పక్కన కూర్చోబెట్టినవాణ్ణి ఆఖరి పదిహేను రోజుల్లో పిలిస్తే ఏం చేస్తాడు? వాళ్ల మీటింగులు రాత్రి రూముల్లో ల్యాప్‌టాప్‌లతో జరుగుతాయి. మన హాస్టల్ గేటు అప్పటికే మూసేస్తారు. అందుకే ప్రాజెక్ట్ గంటలు టైంటేబుల్‌లో ఉండాలి, ల్యాబ్ సాయంత్రం తెరిచి ఉంచాలి. మనం అడుగుతున్నది దయ కాదు.

మన తప్పు కూడా ఉంది. "నువ్వు డాక్యుమెంటేషన్ చూస్కో" అనగానే హమ్మయ్య అనుకున్నాం. ఇంగ్లీషు భయం, నవ్వుతారన్న భయం. ఈసారి అలా వద్దు.

లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ ఇంకెన్నిసార్లు చేస్తారు? గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. పిల్లలు అక్షరాలు దిద్దుకునే యాప్ చేయండి. జీసీసీకి అమ్మిన చింతపండు, జిగురు ఎంత తూగింది, ఎంత వచ్చిందో రాసుకునే యాప్ చేయండి. చేశాక సంతకు తీసుకెళ్లి అవ్వ చేతిలో పెట్టండి. ఏ బటన్ అర్థం కాలేదో గైడ్ కన్నా ఆమే బాగా చెప్తుంది.

బ్యాచ్‌ల లిస్టు నోటీసు బోర్డు ఎక్కకముందే నలుగురైదుగురు కలిసి హెచ్‌ఓడీకి లెటర్ ఇవ్వండి. గిట్ హిస్టరీ చూసి మార్కులు, పని మార్పిడి, సాయంత్రం ల్యాబ్ అని రాయండి. ఒక్కరే వెళ్లకండి. గిట్ రానివాళ్లు కామెంట్‌లో ఊరు, బ్రాంచి పెట్టండి. ఆదివారాలు మేం కూర్చుని నేర్పుతాం. ల్యాప్‌టాప్ లేకపోయినా రండి.