ముందు ఇరుసు, తర్వాతే కోణం
అన్నవరం రత్నగిరి మీద సత్యదేవుడి ఆలయం రథం ఆకారంలో ఉంటుంది. నాలుగు మూలలా నాలుగు చక్రాలు. అలాంటి చక్రాన్ని యూనిటీ గేమ్ ఇంజిన్‌లో తిప్పాలనుకునే విద్యార్థి నేరుగా ఎక్స్, వై, జెడ్ గళ్లలో మూడు కోణాలు కొడతాడు. పాఠం అక్కడ మొదలుకావడమే పొరపాటు. చక్రానికి కావలసింది మూడు కోణాలు కాదు, ఒక్క ఇరుసు. అది చక్రం నడిమధ్యన కాక గుడి మధ్యన పడిందా, చక్రం తనచుట్టూ తాను తిరగడం మాని గుడి చుట్టూ ప్రదక్షిణ చేస్తుంది. పైగా కోణాల వరస మారితే ఫలితమూ మారుతుంది. యూనిటీ ముందు జెడ్, తర్వాత ఎక్స్, ఆపైన వై తిప్పుతుంది. నడుమ ఉన్న ఎక్స్ 90 డిగ్రీలకు చేరిందంటే మిగతా రెండు ఇరుసులూ ఒకటైపోయి, ఒక దిశలో తిరిగే స్వేచ్ఛే పోతుంది. అందుకే ఇంజిన్ లోలోపల వాడుకునేది హామిల్టన్ 1843లో కనిపెట్టిన క్వాటర్నియన్‌ని: ఇరుసు దిశ, తిప్పిన కోణం రెండూ నాలుగు అంకెల్లో ఇమిడిపోతాయి. గడ్డు లెక్క అని భయపెట్టి దాన్ని చివరికి నెట్టడం పిల్లలకు అన్యాయం. వాళ్లను ఆ కొండమీదే ఉన్న నీడగడియారం దగ్గరికి తీసుకెళ్లాలి. సమతల నీడగడియారంలో నీడనిచ్చే అంచు భూమి ఇరుసుకు సమాంతరంగా వాలి ఉండాలి. ఈ ఊరి అక్షాంశానికి ఆ వాలు దాదాపు 17 డిగ్రీలు. ఇరుసు దిశ అలా కంటికి ఆనాక, క్వాటర్నియన్‌ని తయారుచేసే యాంగిల్‌యాక్సిస్ అనే ఆదేశానికి ఏమేం అందించాలో వాళ్లే చెప్పేస్తారు.