పాట వినకముందే ఎస్టీ సర్టిఫికెట్ అడిగే మిత్రులకు

పోస్టు పొడుగైంది. ఓపిగ్గా చివరిదాకా చదివి, అప్పుడు తిట్టండి.

బైబిల్ కథల మీద మన భాషల్లో వస్తున్న పాటల ఆల్బమ్‌ల గురించి వారం నుంచి గ్రూపులో నడుస్తున్న కామెంట్లన్నీ చదివిన. రాగం ఎట్లుంది, మాట ఎట్లుంది అని రాసినోళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. మిగతావన్నీ మూడే ముక్కలు. ఒకటి: ఇది మన సంస్కృతి కాదు. రెండు: వీళ్ల ఎస్టీ తీసెయ్యాలె. మూడు: మన భాషల పాడితే నవ్వొస్తుంది, తెలుగులనే బాగుంటది. నేను ఈ మూడింటికీ వ్యతిరేకం. నాది ఏ మతమో ఇక్కడ అనవసరం.

మొదటిది చూద్దాం. 1978లో ‘కరుణామయుడు’ వచ్చింది. అందులో మోదుకూరి జాన్సన్ రాసి, బాలు పాడిన పాట విననోళ్లు తెలుగు ఊళ్లలో తక్కువ. విన్నోళ్లందరి మతం మారిపోయిందా? 1998లో మోషే కథతో ‘ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్’ సినిమా వచ్చినప్పుడు సినిమా పాటలతో పాటు ఇంకో రెండు ఆల్బమ్‌లు వచ్చినయి. ఒకదాంట్లో కంట్రీ గాయకులు వాళ్ల బాణీలో పాడిన్రు, ఇంకోదాంట్లో గాస్పెల్ గాయకులు వాళ్ల బాణీలో పాడిన్రు. కథ ఒకటే, ఎవరి గొంతు వాళ్లది. అమెరికాలో బానిసలుగా బతికిన నల్లవాళ్లు అదే మోషే కథను తమ విముక్తి పాటగా మార్చుకున్నరు. కథ ఎక్కడి నుంచైనా రావొచ్చు. దాన్ని మన గొంతుతో పాడుతున్నమా, అరువు గొంతుతో పాడుతున్నమా అన్నదే అడగాల్సిన ప్రశ్న.

సంస్కృతి మీద అంత ప్రేమ ఉన్నోళ్లకు ఒక మాట. కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వస్తే అందరం స్టేటస్‌లు పెట్టినం. ఆయన పాడిన సమ్మక్క కథ ఒక గంట కూర్చొని విన్నోళ్లు మనలో ఎందరు? ప్రధాన్‌ల కిక్రీ వాద్యం మీద గోండు కథలు విన్నోళ్లు ఎందరు? మన పాట విననిది మనం. దోషం మాత్రం ఇంకొకరి పాటదా?

రెండోది ప్రమాదకరమైన మాట. 1950 నాటి ఎస్సీ ఉత్తర్వులో మతం షరతు ఉంది. ఎస్టీ ఉత్తర్వులో ఆ షరతు లేదు. మతం మారినంత మాత్రాన గిరిజనుడు గిరిజనుడు కాకుండా పోడని, అతను తెగ ఆచారాలు పాటిస్తున్నాడా, తెగకున్న వెనుకబాటు అతనికీ ఉందా అన్నది చూడాలని 2004లో కేరళ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గ్రూప్స్ కోసం అమీర్‌పేటలో పాలిటీ క్లాసులు వింటున్నోళ్లం మనం. ఇది తెలియకుండానే కామెంట్ పెడుతున్నమా? ఈ రోజు పాట విని ఎస్టీ తీసెయ్యమన్నోడు, రేపు చొక్కా చూసి, ఇంగ్లిష్ చూసి, అమీర్‌పేటలో ఉంటున్నవని నీది కూడా తీసెయ్యమంటడు. ఆ గొడ్డలికి కామ మనమే కావొద్దు.

మూడోదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మైత్రీవనం దగ్గర టీ తాగుతుంటేనో, పంజాగుట్ట బస్సులోనో యాడి ఫోన్ చేస్తే గొంతు తగ్గించి మాట్లాడేది మనమే కదా? 2011 జనాభా లెక్కల్లో లంబాడీ మాతృభాష అని రాయించుకున్నోళ్లు 32 లక్షలకు పైనే. వాళ్లందరినీ ప్రభుత్వం హిందీ కింద కలిపేసింది. దాని మీద గ్రూపులో ఒక్క పోస్టు లేదు. మన భాషలో ఒకడు పాట పాడితే మాత్రం ఇన్ని నవ్వు బొమ్మలు! మన భాష పుస్తకాల్లో లేదు, టీవీలో లేదు. పాటలో కూడా ఉండొద్దంటే ఇంకెక్కడ ఉండాలె?

ఇక ఆల్బమ్‌లు చేసేటోళ్లకు. మిమ్మల్ని వెనకేసుకొస్తున్ననని సంబురపడకండి. నేను విన్నవాటిల్లో చాలావరకు నగారా లేదు, డోలు లేదు. కీబోర్డే అన్నీ. బాణీ సినిమా పాటది, మాటల్లో సగం తెలుగు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దేశమంతా తిరిగిన బంజారాలకు నలభై ఏళ్ల అరణ్య ప్రయాణం కథ దొరికితే, దాన్ని ఆ నడక లయలో కాకుండా స్టూడియో లూప్ మీద పాడతరా?

ఇంకో మాట. బైబిల్‌లో నాబోతు కథ ఉంది. తాతల నాటి ద్రాక్షతోట అమ్మనన్నందుకు అబద్ధపు సాక్ష్యాలు చెప్పించి అతన్ని చంపించి, అహాబు రాజు ఆ భూమి గుంజుకున్నడు. 1/70 చట్టం ఉండి కూడా భూములు పోగొట్టుకున్న ఏజెన్సీ పల్లెలకు ఈ కథ విడమరిచి చెప్పాల్సిన పని లేదు. మరి నేను విన్న ఒక్క ఆల్బమ్‌లో కూడా నాబోతు ఎందుకు లేడు? ఓదార్పు పాటలు చాలు, గట్టు తగాదా పాట వద్దు అనుకున్నరా? ఇది అడగండి. ఇది అసలు విమర్శ.

అందుకే నా డిమాండ్ చిన్నది. ఇకనుంచి గ్రూపులో ఏ పాట పెట్టినా, అది సేవాలాల్ మీదైనా, జంగూబాయి మీదైనా, యేసు మీదైనా, ముందు పూర్తిగా వినాలె. భాష మనదేనా, బాణీ మనదేనా, కథ మన బతుకును తాకిందా అని మూడు ముక్కలు రాయాలె. పాడినోడి మతం, సర్టిఫికెట్ జోలికి పోయిన కామెంట్‌ను అడ్మిన్ అన్నలు తీసెయ్యాలె. “ఇది మన పాట కాదు” అన్న ప్రతి ఒక్కరూ పండుగకు ఊరికి పోయినప్పుడు అమ్మమ్మతోనో నానమ్మతోనో ఒక పాట పాడించి, ఫోన్‌లో రికార్డు చేసి ఇక్కడ పెట్టాలె. మన పాట ఏదో తెలిసినోడికే ఏది కాదో చెప్పే హక్కు ఉంటది.

జై సేవాలాల్! జై సేవా!