ఆల్చిప్ప నేర్పిన పట్టు

పలుచని చెక్కపొరలను ఒకదానిపై ఒకటి పేర్చి, జిగురు పూసి, వేడిమితో అదిమితే ప్లైవుడ్ అవుతుంది. దాని బలమంతా చెక్కలో ఉన్నదని అనుకొంటాము గాని, ఆయువుపట్టు జిగురులోనే ఉన్నది.

1920లలో అమెరికా పశ్చిమతీరపు కర్మాగారాలు ఆ జిగురును సోయా చిక్కుడు పిండితో చేయసాగాయి. చవక, విషం లేదు. కాని నీరు సోకితే పట్టు సడలేది. సోయా మాంసకృత్తులు చెక్కను పట్టుకొనేది చాలావరకు బలహీనమైన హైడ్రోజన్ బంధాలతోనే. నీటి అణువులకూ అటువంటి బంధాలపైనే మక్కువ. తేమ లోనికి చొరబడి ఆ చోటును తానే ఆక్రమిస్తుంది. చుట్టపుచూపుగా వచ్చి ఇంటివారినే వెళ్లగొట్టినట్లు!

తరువాతి దశాబ్దాలలో ఫార్మాల్డిహైడ్‌తో చేసిన కృత్రిమ జిగుళ్లు సోయాను పక్కకు నెట్టాయి. వాటిలో చవకైన యూరియా రకం ఆ వాయువును గదిలోనికి కొద్దికొద్దిగా వదులుతూ ఉంటుంది. వేడి, తేమ పెరిగిన కొద్దీ మరింతగా. 2004లో అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ ఫార్మాల్డిహైడ్‌ను మానవులలో కాన్సర్ కలిగించే పదార్థంగా ప్రకటించింది. పసిపిల్లలు నిద్రించే గదిలోని బీరువా కూడా ఈ జిగురుతో అతికినదే కావచ్చును.

సోయాను మళ్లీ రంగంలోకి దించినవాడు ఆరిగాన్ రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకుడు కైచాంగ్ లీ. సముద్రతీరపు బండలకు మస్సెల్ అనే నల్లని ఆల్చిప్పలు అతుక్కొని ఉంటాయి. ఎంతటి అలలు మోదినా ఊడిరావు. నీటిలోనే పుట్టి, నీటిలోనే గట్టిపడే ఆ జిగురు కూడా మాంసకృత్తే! అయితే సోయాలోని మాంసకృత్తు చేసిన పాపమేమిటి? లీ పరిశోధన ఈ ప్రశ్న వెంటే సాగింది. కాగితం తడిసినా చిరగకుండా కలిపే ఒక రెసిన్ ఆయనకు అక్కరకు వచ్చింది. వేడిమిలో అది సోయా అణుగొలుసులను గట్టి రసాయన బంధాలతో ఒకదానికొకటి కుట్టివేస్తుంది. నీరు విడదీయలేని వల ఏర్పడుతుంది.

ఈ కృషికి 2007లో అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ఇచ్చే హరిత రసాయనశాస్త్ర పురస్కారం లభించింది. లీతో పాటు కొలంబియా ఫారెస్ట్ ప్రాడక్ట్స్, హెర్క్యులీస్ సంస్థలు దానిని పంచుకొన్నాయి.

కుట్టిన ఆ దారం మాత్రం మొక్క ఇచ్చినది కాదు, రసాయన కర్మాగారపు సరుకు. ‘పూర్తిగా ప్రకృతిసిద్ధం’ అనే ప్రచారాన్ని అందుకే కొంత తగ్గించి వినాలి. ఈ ప్లైవుడ్ ప్రధానంగా ఇంటిలోపలి వాడకానికే. నానబెట్టి, ఆరబెట్టి, మళ్లీ నానబెట్టే పరీక్షకు నిలుస్తుంది. ఏళ్ల తరబడి ఎండావానలలో ఉండే పలకలకు నేటికీ ఎక్కువగా వాడేది ఫినాల్, ఫార్మాల్డిహైడ్‌ల జిగురునే.