ఒరిగిన బండికి ఒక్క పట్టీ చాలదు!

ఆత్మకూరు, ఉదయగిరి దారుల్లో కాసేపు నిలబడండి. వెనకభాగం ఓ పక్కకు ఒరిగి పరుగెత్తే పాత జీపో, వ్యానో కంటపడుతుంది. 'ఓ పట్టీ ఎక్కించు మేస్త్రీ' అంటాడు యజమాని. కమాన్ కట్టలో పట్టీ చేరుతుంది, బండి లేస్తుంది. కానీ జబ్బు అలాగే ఉండిపోవచ్చు. ఎందుకంటే ఒరగడానికి కారణం ప్రతిసారీ ఒరిగినచోటే ఉండదు.

ముందు కొలవాలి. ఖాళీ బండిని చదునైన నేలమీద నిలిపి, టైర్లన్నిటిలో సరిపడా గాలి పట్టించాలి. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు వరకు రెండువైపులా టేపు పెట్టి చూడాలి. తేడా ఉంటే ముందుభాగాన్ని సరిగ్గా మధ్యలో జాకీతో ఎత్తాలి. అప్పుడు వెనక సమంగా నిలిస్తే దోషం ముందుభాగానిదే! అప్పటికీ ఒరిగే ఉంటే విరిగిన పట్టీ, అరిగిన బుష్‌లు, తెగిన సెంటర్ బోల్టు కోసం వెతకాలి. కట్ట మార్చాల్సి వస్తే రెండువైపులా మార్చడమే మేలు. కొత్తదీ పాతదీ ఒకేలా వంగవు మరి.

వెనక కమాన్ కట్టలే లేని బండ్లూ ఉన్నాయి. జర్మనీలో ఫోక్స్‌వ్యాగన్ 1950లో తయారీ మొదలుపెట్టిన వ్యాన్ అలాంటిదే. విదేశాల్లో ఈ పాత వ్యాన్లలో పడక, వంటగది అమర్చుకుని, ముచ్చటపడి ఎత్తు కూడా తగ్గించుకుంటారు. వీటి వెనక బరువు మోసేది టోర్షన్ బార్... తడిబట్ట పిండినట్టు మెలితిరిగే ఉక్కు కడ్డీ. దాని రెండు చివర్లా పళ్లుంటాయి. ఎత్తు తగ్గించేటప్పుడు ఓవైపు ఒక్క పన్ను తప్పినా బండి ఒరుగుతుంది.

సరిచేసే కిటుకూ ఆ పళ్లలోనే ఉంది. అదే కంపెనీ బీటిల్ కారునే చూడండి. లోపలి చివర 40 పళ్లు, బయట 44. లోపల ఒక పన్ను జరిపితే 9 డిగ్రీలు, బయట జరిపితే 8 డిగ్రీల పైచిలుకు. ఒకటి ఇటు, ఒకటి అటు తిప్పితే మిగిలే తేడా ఒక్క డిగ్రీలోపే! అయితే బిగువు మీదున్న కడ్డీ ఒక్కసారిగా విడిపోతే చేతులు విరుగుతాయి. అది నేర్పున్న మేస్త్రీ పని.

జీపయినా, విదేశీ వ్యానయినా సూత్రం ఒకటే. ఒరిగిన బండి మలుపులో మరింత తూలుతుంది, టైర్లను తినేస్తుంది. అందులో ఉండేది మన పిల్లాపాపలే. కాలు కుంటుతుంటే చెప్పు కింద అట్టముక్క పెట్టం కదా, ముల్లెక్కడుందో చూస్తాం!