పట్టాల పక్కన పరిణామ పాఠం

పదో తరగతి సైన్సు పుస్తకం నుంచి జీవపరిణామాన్ని ఎన్‌సీఈఆర్‌టీ 2023లో తప్పించింది. ‘అనువంశికత, పరిణామం’ అన్న అధ్యాయం ఉత్త ‘అనువంశికత’గా మిగిలింది. 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, అధ్యాపకులు బహిరంగ లేఖ రాసి నిరసన తెలిపారు. పదో తరగతితో జీవశాస్త్రం వదిలేసే పిల్లలకు ఇక ఆ పాఠం అందదు. పుస్తకం వదిలేసిన ఈ పాఠాన్ని ఊళ్లో మొక్కల మధ్యే చెప్పవచ్చు. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ అందుకు తగిన ఊరు.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పెంచిన పట్టణమిది. ఉత్తరాంధ్ర నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఇక్కడే స్థిరపడ్డాయి. తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించిందంటే ఈ జనాభా వల్లే. మనుషులతో పాటు రైలు విత్తనాలనూ ఊళ్లు దాటిస్తుంది. కొత్త చోట వాటి బతుకు మారుతుంది, ఒక్కోసారి జాతే మారుతుంది.

ఇంగ్లండులో అదే జరిగింది. సిసిలీలోని ఎట్నా అగ్నిపర్వత ప్రాంతపు మొక్కల సంతతి ఒకటి ఆక్స్‌ఫర్డ్ వృక్షోద్యానం నుంచి బయటపడింది. పట్టాల కింది బొగ్గు చిట్టెం, కంకర దానికి పుట్టినింటి నేలలాగే సరిపోయాయి. దాని విత్తనాలు ఆక్స్‌ఫర్డ్‌లో రైలుపెట్టెలోకి ఎగిరివచ్చి టైల్‌హర్స్ట్ దగ్గర బయటికి పోవడం జార్జ్ క్లారిడ్జ్ డ్రూస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు కళ్లారా చూశాడు. అలా దేశమంతా పాకిన ఆ మొక్క స్థానిక జాతితో సంకరమై కొత్త జాతులకు జన్మనిచ్చింది. వాటిలో ఒకటి 1979లో యార్క్ స్టేషను పక్కన బండ్లు నిలిపే స్థలంలో దొరికింది.

ఖరగ్‌పూర్ పరిసరాల్లో గడ్డిచేమంతి, వయ్యారిభామ విరివిగా కనిపిస్తాయి. పట్టాల కంకరలో నీరు నిలవదు, ఎండకు రాయి మండుతుంది, కలుపుమందు పడుతుంది. అక్కడ తొందరగా పూసి, తొందరగా గింజ కట్టిన మొక్కే సంతానాన్ని మిగుల్చుకుంటుంది. ఏ పరిస్థితి ఏ లక్షణాన్ని నిలబెడుతుందో, తరాలు గడిచేకొద్దీ ఆ లక్షణం ఎటు జరుగుతుందో వెతకడమే పరిణామ ఆవరణ శాస్త్రం పని. ఫ్రాన్సులోని మోంపెల్యే నగరంలో ఒక చిన్న పూలమొక్కపై 2008లో వెలువడిన పరిశోధన దీనికి మంచి ఉదాహరణ. ఆ మొక్క ఎగిరే గింజలు, ఎగరని బరువు గింజలు రెండూ కాస్తుంది. కాలిబాట చెట్ల మొదళ్లలోని పిడికెడు మట్టిలో పెరిగినప్పుడు, ఎగిరిన గింజలు ఎక్కువగా సిమెంటు మీద పడి వృథా అయ్యాయి. దాంతో సుమారు 5 నుంచి 12 తరాల్లోనే బరువు గింజల వాటా పెరిగిందని అంచనా వేశారు.

ఖరగ్‌పూర్ బడి పిల్లలు ఈ పద్ధతినే అనుసరించవచ్చు. ప్లాట్‌ఫారం పగుళ్లలోని గడ్డిచేమంతి గింజలను, పల్లె బీడులోని గింజలను వేరువేరుగా ఏరాలి. ఒక్కోదాన్ని ఒకే ఎత్తు నుంచి వదిలి, నేలకు చేరడానికి ఎంత సేపు పట్టిందో రాసుకోవాలి. తేడా కనిపించినంత మాత్రాన పరిణామం అనకూడదు. రెండు రకాలనూ ఒకే మట్టిలో, ఒకే నీటితో పెంచి, వాటి గింజలను మళ్లీ పరీక్షించాలి. తేడా అప్పటికీ నిలిస్తే అది వంశపారంపర్యం కావచ్చు, పోతే చోటు ప్రభావమే. పట్టాల మీదికి పిల్లలను పంపనక్కర్లేదు, రైల్వే కాలనీ గోడల వార చాలు.

ఇదే జిల్లాలోని సాల అడవిది మరో తీరు. సాల గింజ రాలిన కొద్ది రోజుల్లో మొలవకపోతే చచ్చిపోతుంది, కానీ నరికిన మోడు నుంచి చెట్టు మళ్లీ చిగురిస్తుంది. అజిత్ కుమార్ బెనర్జీ అనే అటవీ అధికారి 1972లో అరబారిలో 11 గ్రామాల ప్రజలకు 1272 హెక్టార్ల అడవి కాపలా అప్పగించి, కలప రాబడిలో 25 శాతం వాటా ఇస్తామన్నప్పుడు, ఆ అడవి తిరిగి లేచింది ఈ శక్తితోనే. అయితే ఒక ప్రశ్న మిగిలింది. మోళ్ల నుంచే అడవి సాగితే కొత్త గింజలు, కొత్త జన్యు కలయికలు తగ్గుతాయి. వర్షపాతం, వేడి మారుతున్న కాలంలో ఇది ప్రమాదం కాదా?

ఇటువంటి ప్రశ్నలకు జవాబు ఏళ్ల తరబడి ఒకే చోట గమనిస్తేనే దొరుకుతుంది. 1951 నుంచి ఐఐటీ ఈ ఊళ్లోనే ఉంది, వృక్షశాస్త్రం బోధించే విద్యాసాగర్ విశ్వవిద్యాలయం పక్కనే మిడ్నాపూర్‌లో ఉంది. ఈ రెండూ రైల్వేతో, అటవీ శాఖతో కలిసి కొన్ని శాశ్వత పరిశీలన స్థలాలు ఎంచుకోవాలి. అక్కడి లెక్కలు స్థానిక బడులకు బెంగాలీ, తెలుగు, హిందీ భాషల్లో అందాలి. అధికార భాష హోదా దస్త్రాలకే పరిమితమైతే తెలుగు పిల్లలకు ఒరిగేదేమీ లేదు. తమ వీధిలో మొక్క ఎందుకు అలా ఉందో తమ భాషలో అడిగి, కొలిచి, తేల్చుకోగలిగిన రోజే ఆ హోదాకు సార్థకత.