బండి నిలిపే చోటే చార్జింగ్ కావాలి

విద్యుత్ మోటార్‌సైకిళ్లకు చార్జింగ్ సదుపాయం అనగానే మనకు పెట్రోల్ బంకే గుర్తుకొస్తుంది. రోడ్ల వెంట ఫాస్ట్ చార్జర్లు పెడితే సమస్య తీరిపోతుందనుకుంటాం. కానీ ముందుగా చూడాల్సింది రోడ్డును కాదు, రాత్రి బండి నిలిపే చోటును.

లెక్క చూడండి. రివోల్ట్ ఆర్‌వీ 400 బ్యాటరీ సామర్థ్యం 3.24 యూనిట్లు. 230 వోల్టుల వద్ద 5 ఆంపియర్ల సాకెట్ గరిష్ఠంగా 1.15 కిలోవాట్లు ఇస్తుంది. కొంత వృథా పోయినా నాలుగైదు గంటల్లో బ్యాటరీ నిండుతుంది. అల్ట్రావయొలెట్ ఎఫ్77లోని 10.3 యూనిట్ల బ్యాటరీకైనా 15 ఆంపియర్ల సాకెట్ ఉంటే ఒక రాత్రి చాలు.

మరి ఇబ్బంది ఎక్కడ? నగరాల్లో చాలామంది ఉండేది ఫ్లాట్లలో, అద్దె గదుల్లో. మీటరు ఒకచోట, బండి మరోచోట. దాంతో మూడో అంతస్తు బాల్కనీ నుంచి ఎక్స్‌టెన్షన్ తీగ కిందికి వేలాడుతుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గానికి అనులోమంగా ఉంటుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. ఇస్త్రీపెట్టె కాసేపే పనిచేస్తుంది, చార్జర్ మాత్రం గంటల తరబడి కరెంటు లాగుతుంది. సన్నని తీగ, వదులైన ప్లగ్గు, ఎర్తింగ్ లేని సాకెట్ కలిస్తే ప్రమాదాన్ని పిలిచినట్లే.

కొత్త భవనాల పార్కింగ్‌లో 20 శాతానికి చార్జింగ్ వసతి ఉండేలా కేంద్రం 2019లో మాదిరి భవన నిబంధనలను సవరించింది. మంచిదే. కానీ ఇలాంటి నిబంధనలు పనిచేసేది నిర్మాణ అనుమతి దగ్గర. ఇప్పటికే కట్టిన అపార్ట్‌మెంట్ల మాటేమిటి? 2024లో ఆమోదించిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో 10,900 కోట్ల రూపాయలకుగాను 2,000 కోట్లు బహిరంగ చార్జింగ్ కేంద్రాలకు కేటాయించారు. పాత భవనాల సెల్లార్లకూ అంతే శ్రద్ధ దక్కాలి. సరైన ఎర్తింగ్, లీకేజీ కరెంటును పసిగట్టి సరఫరా ఆపే ఆర్‌సీసీబీ, విడి మీటరు ఉన్న సాకెట్టుకు అయ్యే ఖర్చు ఫాస్ట్ చార్జర్ ఖర్చులో చిన్న భాగమే.

రోడ్డు పక్క చార్జర్లు వద్దని కాదు. రోజంతా తిరిగే డెలివరీ కార్మికులకు, దూర ప్రయాణాలకు అవి తప్పనిసరి. అక్కడ ఏ కంపెనీ బండికైనా ఒకే ప్లగ్గు సరిపోవాలి. తేలికపాటి వాహనాల ఉమ్మడి కనెక్టరుకు భారతీయ ప్రమాణాల సంస్థ 2023లోనే ప్రమాణం ఇచ్చింది. కంపెనీలన్నీ దాన్ని పాటించాలి.

అద్దెకుండే వ్యక్తి కూడా నిశ్చింతగా ప్లగ్గు పెట్టి నిద్రపోగలిగినప్పుడే విద్యుత్ వాహనం అందరిదవుతుంది.